పదకొండు చేశారు, నూట ఎనిమిది మిగిలింది

ప్రశ్న

హైదరాబాద్ శివారు తెల్లాపూర్ నుంచి ఒక పాఠకురాలు రాశారు. పేరు వద్దన్నారు. ఏడు పేజీల ఉత్తరం, సారాంశం ఇది.

ఆమెకు నలభై రెండేళ్లు. భర్తది మాడ్యులర్ కిచెన్లు, వార్డ్‌రోబులు చేయించి బిగించే వ్యాపారం. 2020 లాక్‌డౌన్‌లో సైట్లన్నీ ఆగిపోయాయి. అడ్వాన్సులు ఇచ్చినవాళ్లు డబ్బు వెనక్కి అడిగారు. నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చారు, అదీ చాలక ఆమె గాజులు, నల్లపూసల గొలుసు తాకట్టుకు వెళ్లాయి. అప్పుడు దిల్‌సుఖ్‌నగర్ పక్కన రెండు గదుల పోర్షన్‌లో ఉండేవారు. గ్యాస్ పొయ్యి పక్కన గోడకు కొట్టిన చిన్న చెక్క అల్మారాయే దేవుడి గూడు. రోజూ నాలుగున్నరకు లేచి దాని ముందు కూర్చుని విష్ణు సహస్రనామం చదివేవారు. గుళ్లు తెరిచాక భార్యాభర్తలిద్దరూ బండి మీద చిలుకూరు బాలాజీ గుడికి వెళ్లి పదకొండు ప్రదక్షిణలు చేశారు. అప్పు తీరితే నూట ఎనిమిది చేస్తామని ఇద్దరూ మొక్కుకున్నారు. తిరుమల వెంకన్నకు పదకొండు వేల నూట పదహార్లు ఇస్తానని ఆమె విడిగా ముడుపు కట్టారు.

తర్వాత రోజులు తిరిగాయి. ఊరికి పడమటి వైపు లేస్తున్న టవర్లలో ఆయనకు పని మీద పని దొరికింది. అప్పు తీరింది, గాజులు ఇంటికొచ్చాయి, 2024లో సొంత ఫ్లాట్‌లో చేరారు. పూజగదికి ఇత్తడి గంటల తలుపులు, వెనక లైట్లు వెలిగే రాతి పలక పెట్టించారు. అందులో రోజూ దీపం పెడుతున్నది వంటావిడ. నూట ఎనిమిది ప్రదక్షిణలు అలాగే ఉన్నాయి, ముడుపు బీరువాలోనే ఉంది. "కూర్చుంటే ఏం అడగాలో తెలియడం లేదండీ. అడగడానికి ఏమీ లేకపోతే మాట్లాడడానికీ ఏమీ ఉండడం లేదు" అని రాశారు. భర్త "నా రెక్కల కష్టం" అంటారట. అలాగని దేవుడికి ఖర్చు పెట్టరా అంటే, పోయిన శ్రీరామనవమికి ఒక బిల్డర్ ప్రాజెక్టులోని గుడిలో తన ఫోటోతో ఫ్లెక్సీ కట్టించి మరీ అన్నదానం చేశారు. కార్పెంటర్లకు మాత్రం అప్పటికి నెలన్నర కూలీ బాకీ. అత్తగారేమో మొక్కు మరిస్తే స్వామి ఊరుకోడంటారు. ఆమధ్య పాపకు డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోయినప్పుడు ఈమె రాత్రంతా సహస్రనామం చదివారు. జ్వరం తగ్గిన మూడో రోజుకు పుస్తకం మళ్లీ మూతపడింది. అదే ఆమెను భయపెట్టింది. అయితే నా భక్తి అంతా స్వార్థమేనా, కష్టం ఉంటేనే దేవుడు దగ్గరుంటాడా, బాగున్నప్పుడు ఆయన్ని పట్టుకుని ఉండడం ఎలా, ఈయనతో ఎలా వేగాలి అని అడిగారు. చివర్లో ఇంకో మాట: ఆ రోజుల నాటి తాకట్టు రసీదు బీరువాలో ఉంది, కంటబడినప్పుడల్లా గుండె గుభేలుమంటోంది, చింపేయమంటారా?

సమాధానం

అమ్మా, మొక్కు బాకీ పడడం ఒక సంగతి. రోజువారీ పూజ తెగిపోవడం ఇంకొకటి. పాప జ్వరం శిక్షేమోనన్న భయం వేరు, ఆయన మాట తీరు మీద మీకున్న కోపం వేరు. ఈ నాలుగింటినీ కలిపి "నా భక్తి పోయింది" అని ఒకే పేరు పెట్టేసుకున్నారు. విడదీస్తే ఒక్కోదానికీ దారి ఉంది. అన్నింటికన్నా తేలిగ్గా తీరేది మొక్కు. అన్నింటికన్నా బరువైనది, మీరు ఒక్క వాక్యంలో రాసి దాటేసిన ఆ నెలన్నర కూలీ. దాని దగ్గరికి వస్తాను.

అప్పటి భక్తి స్వార్థమా అన్నది ముందు తేల్చుకుందాం. గీత ఏడో అధ్యాయంలో కృష్ణుడు తనను కొలిచేవాళ్లు నాలుగు రకాలంటాడు: ఆర్తుడు, జిజ్ఞాసువు, అర్థార్థి, జ్ఞాని. ఆ వరుసలో మొదటి పేరే ఆర్తుడిది. రెండు శ్లోకాలు దాటాక, వీళ్లందరూ ఉదారులేనంటాడు. 2020లో మీరు ఆర్తులు. అందులో దొంగతనం ఏమీ లేదు. చిక్కల్లా ఎక్కడంటే, ఆర్తి తీరాక కూడా ఆర్తురాలిగానే ఉండాలని చూస్తున్నారు. కడుపు నిండినవాళ్లను ఆకలిగా ఉండమంటే ఎలా ఉంటారు? అప్పట్లో మిమ్మల్ని నాలుగున్నరకు లేపింది అలారం కాదమ్మా, పొద్దున పదింటికి ఫోన్ చేసే అప్పులాయన. ఆ లేపేవాడు ఇప్పుడు లేడు. ఆ చోటులో ఇంకే ఏర్పాటూ మీరు చేసుకోలేదు. జరిగింది అంతే. "ఆపద మొక్కులు, సంపద మరపులు" అని సామెతే పుట్టిందంటే ఇది మీ ఒక్క ఇంటి సంగతి కాదు.

కష్టం ఉంటేనే దేవుడు దగ్గరుంటాడా అన్నారు. ఈ అనుమానానికి మూలం మన పురాణ ప్రవచనాల్లో తరచూ వినిపించే కుంతి ప్రార్థన. యుద్ధం ముగిసి కృష్ణుడు ద్వారకకు బయల్దేరుతుంటే, మాకు ఎప్పుడూ ఆపదలే రానీ, అప్పుడైతే నువ్వు కనిపిస్తావు అంటుందామె. వెంటనే కారణమూ చెబుతుంది: పుట్టుక, ఐశ్వర్యం, చదువు, అందం వీటితో మదం పెరిగినవాడి నోట నీ పేరు రాదని. ఆ కారణాన్ని రాసి పెట్టుకోండి. ఆ ప్రార్థనను మాత్రం అరువు తెచ్చుకోకండి. లక్క ఇల్లూ కొడుకుల అజ్ఞాతవాసమూ అభిమన్యుడి చావూ చూసొచ్చిన మనిషి మాట అది. ఈఎంఐలు కట్టుకుంటూ పిల్లల్ని బడికి పంపే ఇల్లాలు "స్వామీ, కష్టాలివ్వు" అని మొక్కుకోనక్కర్లేదు.

అదే భాగవతం తొమ్మిదో స్కంధంలో అంబరీషుడున్నాడు. ఏడు ద్వీపాలు ఏలిన రాజు. రాజ్యం వదిలి అడవికి పోలేదు. ఒక్కో అవయవానికి ఒక్కో పని అప్పగించాడు. నాలుకకు హరి గుణాలు, చెవులకు కథ, కాళ్లకు క్షేత్రాలకు నడక, చేతులకు గుడి ఊడ్చడం. చక్రవర్తి తన చేత్తో చీపురు పట్టాడన్నది గమనించండి. కుచేలుడి కథ కూడా మన ఇళ్లలో అటుకుల దగ్గర మొదలై, గుడిసె మేడ అయ్యేసరికి ఆగిపోతుంది. మేడలోకి వెళ్లాక ఆయన ఏం చేశాడన్నది ఆ తర్వాత ఉంది. భార్యతో కలిసి ఆ సంపదను అనుభవించాడు, అంటీముట్టనట్టు ఉన్నాడు, భక్తి తగ్గనివ్వలేదు. మీ ఇంట్లో ఇప్పుడు చదవాల్సింది ఆ చివరి భాగం.

ఇంకొకటి చెప్పి పురాణం ఆపుతాను. గజేంద్రుడు మొసలి నోట చిక్కి వెయ్యేళ్లు తన బలంతోనే పోరాడాడు, చివరికి స్తోత్రం అందుకున్నాడు. ఆ స్తోత్రం ఎక్కడిది? ముందు జన్మలో ఇంద్రద్యుమ్నుడనే రాజుగా ఉన్నప్పుడు నేర్చుకున్నదని భాగవతం స్పష్టంగా చెబుతుంది. నీళ్లలో మునుగుతూ ఎవరూ కొత్తగా నేర్చుకోలేరు. డెంగీ రాత్రి సహస్రనామం తడుముకోకుండా మీ నోటికి వచ్చిందంటే ఎప్పుడో చదివి పెట్టుకున్నారు గనకే. బాగున్న రోజుల్లో చదవడానికి వేరే కారణం ఏదీ దొరక్కపోతే, ఇదొక్కటి చాలు.

ఆ జ్వరం సంగతి. డెంగీ దోమ వల్ల వస్తుంది. నిలిచిన మంచినీళ్లలో గుడ్లు పెట్టే దోమ అది. బాల్కనీలో పూలకుండీల కింద పళ్లాలు, ఫ్రిజ్ వెనక నీళ్లు పడే ట్రే, కూలర్ తొట్టి వారానికోసారి పారబోసి ఆరబెట్టండి. దాన్ని స్వామి వేసిన జరిమానాగా లెక్కగట్టడం మొదలుపెడితే రెండు నష్టాలు. రేపు పిల్లలకు జలుబు చేసినా మీకు నిద్ర పట్టదు. రెండోది, భయంతో మొదలైన పూజ థర్మామీటర్ దిగగానే ఆగిపోతుంది. మీరే చూశారు, మూడు రోజులు పట్టింది. అప్పు భయం చేసిన పనినే ఇక్కడ జ్వరం భయం చేసింది. అత్తగారితో మాత్రం ఈ వాదన పెట్టుకోకండి. ఆమె కాలం మనిషి, ఆమె చెప్పే పద్ధతి అది. "ఫలానా తేదీన చిలుకూరు వెళ్తున్నాం అత్తయ్యా, మీరూ వస్తారా" అనండి. అక్కడితో ఆ మాట ఆగిపోతుంది.

చిలుకూరులో లెక్క ఎలా ఉందో ఎప్పుడైనా ఆలోచించారా? అడగడానికి పదకొండు, అందాక నూట ఎనిమిది. దాదాపు పదింతలు. అడిగేటప్పుడు కాళ్లు వాటంతటవే నడుస్తాయి, కృతజ్ఞతకు నడిపించాలి. ఆ తేడా తెలిసే ఈ ఆచారం నిలిచింది కాబోలు. పైగా అక్కడ హుండీ లేదు, వీఐపీ దర్శనం లేదు. డబ్బుతో త్వరగా తెమలదు. కార్లో వెళ్లినా బండి మీద వెళ్లినా అన్ని చుట్లూ కాళ్లతోనే తిరగాలి. మీవారు ఇన్నాళ్లు దాటవేయడానికి ఇదే కారణం కావచ్చు. డబ్బు మొక్కయి ఉంటే ఈపాటికి ఫోన్‌లో పంపేసేవారు.

వెళ్లే పద్ధతి చెబుతాను. శుక్ర, శని, ఆదివారాలు వద్దు, జనం ఒరుసుకుంటూ ఉంటారు. మంగళ, బుధవారాల్లో పొద్దున్నే బయల్దేరండి, తెల్లాపూర్ నుంచి అవుటర్ రింగ్ రోడ్డు మీదుగా గంటలోపే. నూట ఎనిమిదికి రెండు మూడు గంటలు పట్టొచ్చు. ఎండ ఎక్కితే ఉత్త కాళ్లతో నడవడం కష్టం. గళ్లున్న కార్డు ఒకటి, పెన్సిలు ఒకటి చేతిలో ఉంచుకోండి, చుట్టు పూర్తికాగానే ఒక గడి కొట్టేయండి. మనసులో లెక్క పెడతానంటే నలభై దాటాక తప్పుతుంది, ముప్పై ఎనిమిదా నలభై ఎనిమిదా అన్న అనుమానంలోనే మిగతా నడక గడిచిపోతుంది. ఫోన్లు కార్లో వదిలేయండి. ఇద్దరూ మొక్కుకున్నారు కాబట్టి మీవి మీరు, ఆయనవి ఆయన నడవాలి. ఒకరి బదులు ఒకరు కుదరదు. మోకాళ్ల నొప్పి ఉంటే రెండు విడతలుగా చేయొచ్చా అన్నది ఇంట్లో ఊహించుకోకుండా అక్కడి అర్చకులను అడగండి.

ఒక్కో చుట్టుకు ఏదో ఒకటి తలచుకోమని ఒక సలహా. నూట ఎనిమిదికి నూట ఎనిమిది కృతజ్ఞతలు. ముప్పైకే అయిపోతాయనిపిస్తుంది. అక్కడి నుంచే అసలువి మొదలవుతాయి. వడ్డీకి ఇంకో నెల ఆగిన మనిషి, అద్దె ఆలస్యమైనా తలుపు తట్టని ఇంటివాళ్లు, పిల్లల ఆన్‌లైన్ క్లాసులకు పాత ఫోన్ ఇచ్చిన ఆడపడుచు, ఇలా పేర్లు వస్తాయి. ఆ పేర్లు ఇంటికొచ్చాక పనికొస్తాయి.

ముడుపు విషయంలో మొహమాటం ఏమీ లేదు. పసుపు గుడ్డలో కట్టింది కట్టినట్టే తిరుమల హుండీలో వేయండి. ఆలస్యానికి వడ్డీ కలపాలా అని మీకు సందేహం రావచ్చు. కుబేరుడి దగ్గర పెళ్లికి అప్పు చేసి ఇంకా వడ్డీ కడుతున్నాడని చెప్పుకునే స్వామి, వడ్డికాసులవాడు, అందుకని కొందరు కలుపుతారు. కలిపితే తృప్తి, కలపకపోతే దోషమని భయపడనక్కర్లేదు. అసలు ప్రమాదం వేరే ఉంది. "సకుటుంబంగా వెళ్దాం, దర్శనం టికెట్లు దొరకనీ, పిల్లల పరీక్షలు అవనీ" అని నాలుగేళ్లు గడిపేశారు. ఆన్‌లైన్‌లో టికెట్లు నెలల ముందే విడుదలవుతాయి కాబట్టి ముందు తేదీ తీసేసుకోండి, ఆ తేదీకి మిగతావి సర్దుకుంటాయి. అదే సమయంలో ఒక కాగితం మీద ఇంట్లో మొక్కులన్నీ రాయండి. ఎవరు, ఎవరికి, ఏం మొక్కారు. "ఏదో ఒకటి చేస్తాను స్వామీ" అన్నవాటిని జాబితాలో పెట్టకండి, వాటికి అంతు ఉండదు. పెద్దమ్మ తల్లికి అన్నానా, గుట్ట నరసింహస్వామికి అన్నానా అని గుర్తుకు రానివాటికి ఒక కొబ్బరికాయ కొట్టి ముగించండి.

ఇక రోజువారీ సంగతి. మళ్లీ నాలుగున్నరకు లేచి గంటసేపు కూర్చోవాలని మీరు రెండుసార్లు ప్రయత్నించి తొమ్మిదో రోజు ఒకసారి, పన్నెండో రోజు ఒకసారి వదిలేశానని రాశారు. వదిలేయక ఏం చేస్తారు? అప్పుడు సైట్లు మూతపడి ఉన్నాయి, బడులు మూతపడి ఉన్నాయి. ఆనాటి పూజను ఈనాటి ఇంట్లో బిగించబోతే కొలతలు కుదరవు, మీవారి కిచెన్ క్యాబినెట్లలాగే. పన్నెండు నిమిషాలు చాలు. గంధం, పువ్వు, ధూపం, దీపం, నైవేద్యం, ఈ ఐదు ఉపచారాలకు ఐదారు నిమిషాలు. నైవేద్యానికి బెల్లం ముక్క సరిపోతుంది. మిగతా ఐదారు నిమిషాల్లో సహస్రనామంలో పది శ్లోకాలు. నామాల శ్లోకాలు నూట ఏడున్నాయి, పదకొండు రోజులకు ఒక పారాయణ పూర్తవుతుంది. శనివారం వీలైతే మొత్తం చదవండి, అరగంట పని.

దీపం మీ చేత్తో పెట్టండి. వంటావిడ పెడితే తప్పని కాదు, ఆవిడ భక్తితో పెడితే ఆ పుణ్యం ఆవిడది. మీ ఇంటి దీపం వెలుగుతున్నట్టు కనిపిస్తుంది, పెట్టాల్సిన చెయ్యి మాత్రం మీదే.

ఇలాంటివి ఎక్కడ తెగుతాయో చెబుతాను, ముందే కాపు కాసుకోవచ్చు. నెలలో ఆ నాలుగు రోజులు, బంధువుల్లో మైల వచ్చినప్పుడు, ఊరెళ్లినప్పుడు. నాలుగు రోజుల విరామం నలభై రోజులవుతుంది. దీపం, పీఠం దగ్గర మీ ఇంటి ఆచారం ఎలా ఉంటే అలా పాటించండి, నామానికి మాత్రం ఆ అడ్డు లేదు. అదే సమయానికి, అదే పన్నెండు నిమిషాలు, హాల్లో కుర్చీలో కూర్చుని నామం చెప్పుకోండి. సమయం తెగకపోతే పూజ తెగదు.

"ఏం అడగాలో తెలియడం లేదు" అన్నారే, దానికి సమాధానం సంకల్పంలోనే ఉంది. పురోహితుడు చెప్పిస్తుంటే గబగబా పలికేసే ఆ మాటల్లో క్షేమం తర్వాత స్థైర్యం అడుగుతాం. డబ్బు లేనప్పుడు ఐశ్వర్యం దగ్గర గొంతు పెంచి ఉంటారు. ఇప్పుడు స్థైర్యం దగ్గర ఆగండి, ఉన్నది కుదురుగా ఉంచుకునే బుద్ధి అడగండి. ఇంకో మాట కూడా ఉంది. అదే సంకల్పంలో అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు "వసతి గృహే" అంటారు, సొంత ఇంట్లో "స్వగృహే". దిల్‌సుఖ్‌నగర్‌లో మొదటిది అన్నారు, తెల్లాపూర్‌లో రెండోది అంటున్నారు. కృష్ణా గోదావరుల మధ్య, శ్రీశైలానికి ఇటువైపు, అన్నీ అవే మాటలు, ఈ ఒక్కటి మారింది. ఆ మాట దగ్గరికి వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగి ముందుకు వెళ్లండి. వేరే కృతజ్ఞతా స్తోత్రం అక్కర్లేదు.

పడుకోబోయే ముందు ఒక చిన్న పుస్తకంలో మూడు గీతలు రాసుకోవచ్చు. వ్యాపారం ఇల్లు కాబట్టి జమాఖర్చు మీకు అలవాటే. ఇవాళ నా ప్రయత్నం లేకుండా ఏం వచ్చింది, ఎవరి చేతి మీదుగా వచ్చింది, దానితో నేనేం చేశాను. చాలామంది "మంచి ఆరోగ్యం, మంచి కుటుంబం" అని రాస్తారు. పదో రోజుకు అవే మాటలు, ఇరవయ్యో రోజుకు పుస్తకం కనిపించదు. మనిషి పేరు లేకుండా ఏదీ రాయకూడదని నియమం పెట్టుకోండి. లిఫ్టు చెడితే సిలిండర్ మోసుకొచ్చిన అబ్బాయి, ప్లేట్‌లెట్లు తగ్గిన రాత్రి రక్తం ఇవ్వడానికి వచ్చి కూర్చున్న పక్క ఫ్లాటతను. వారానికి ఒకరికి ఫోన్ చేసి చెప్పండి. దేవుడికి మాత్రమే కృతజ్ఞత చెప్పి మనుషుల్ని వదిలేయడం కూడా ఒక తప్పించుకునే దారే.

ఇప్పుడు ఆ నెలన్నర కూలీ. బిల్డర్ బిల్లు ఆలస్యమైంది, అందుకే లేబర్‌కు ఆపాను అని ఆయన అని ఉంటారు. నిజమే కావచ్చు. కానీ అదే నెలలో అన్నదానానికి డబ్బు సర్దుబాటైంది. ఆ కార్పెంటర్లలో ఎక్కువమంది వేరే రాష్ట్రాల నుంచి వచ్చి, సైటు దగ్గరే రేకుల గదుల్లో ఉంటూ, శనివారం బట్వాడా మీద ఇంటికి డబ్బు పంపేవాళ్లు. 2020లో మీ అడ్వాన్సులు వెనక్కి అడిగినవాళ్ల ముందు మీరు ఎలా నిలబడ్డారో, ఇవాళ వాళ్లు కిరాణా కొట్టు ముందు అలా నిలబడ్డారు. పూజ, దానం, మొక్కు, అన్నీ దీని తర్వాతే. చేయాల్సింది కష్టమేమీ కాదు. ఏ సైటుకు అడ్వాన్స్ వచ్చినా ఆ సైటు కూలీ మొత్తాన్ని లెక్కగట్టి ముందు వేరే ఖాతాలోకి మార్చేయాలి. ప్లైవుడ్ షాపు అప్పు ఇస్తుంది, హార్డ్‌వేర్ షాపు అప్పు ఇస్తుంది, కూలీ మనిషి దగ్గర అప్పు తీసుకోకూడదు. దీని వల్ల ఒకటి రెండు నెలలు చేతిలో డబ్బు బిగుసుకుంటుంది, కొత్త సైటు ఒకటి వదులుకోవాల్సి రావచ్చు. ఆ సంగతి ముందే మాట్లాడుకోండి.

ఫ్లెక్సీ మీద మీకున్న చిరాకు అర్థమైంది. కానీ ఇక్కడ ఆయన్ని కొంచెం వెనకేసుకొస్తాను. వామనుడికి మూడడుగులు ఇవ్వబోతున్న బలిని ఆపుతూ శుక్రాచార్యుడు ఒక లెక్క చెప్పాడు. సంపాదన ఐదు భాగాలు చేయాలి: ధర్మానికి, కీర్తికి, మళ్లీ సంపాదించడానికి, అనుభవించడానికి, తనవాళ్లకు. కీర్తి కూడా ఒక పద్దే! చెప్పినవాడు దానాన్ని అడ్డుకుంటున్నవాడే అయినా లెక్క మాత్రం ఇంటికి పనికొచ్చేది. ఆ బిల్డర్ మీవారికి కాంట్రాక్టులు ఇస్తాడు. అక్కడ అన్నదానం కొంత కీర్తి, కొంత వ్యాపారం. చేసుకోనివ్వండి, ఆ పద్దు కింద రాయమనండి. ధర్మం పద్దులో రాస్తే మాత్రం లెక్క తప్పు. తిరిగి ఏమీ ఇవ్వలేనివాడికి, తగిన చోట, తగిన సమయంలో ఇచ్చేది సాత్విక దానమని గీత పదిహేడో అధ్యాయం అంటుంది. అందుకున్నవాళ్లలో మీకు రేపు ఆర్డర్ ఇచ్చేవాళ్లు ఎంతమంది అని చూసుకుంటే ఏది ఏ పద్దో తెలిసిపోతుంది.

ధర్మం పద్దుకు ఎంత? ఉత్సాహంలో నూటికి పది అనుకోకండి. జీఎస్టీ, అడ్వాన్స్ టాక్స్ ఒకే నెలలో వచ్చిపడినప్పుడు అది ఆగిపోతుంది, ఆగాక మళ్లీ మొదలవదు. నూటికి రెండుతో మొదలుపెట్టండి. వేసిన బిల్లు మీద కాక, అన్నీ పోగా ఇంటికి చేరిన డబ్బు మీద. ఒక నెల ఎనభై వేలు ఇంటికి వస్తే పదహారు వందలు, వచ్చిన రోజే పక్కకు. ఆరు నెలలు తెగకుండా నడిస్తే మూడు చేయండి.

"నా రెక్కల కష్టం" అన్న మాటతో గొడవ పడకండి. ఆయన కష్టపడ్డారు, మీరే రాశారు, రాత్రి రెండింటి దాకా సైట్లలో ఉన్నారని. గీత చివరి అధ్యాయంలో ఏ పనికైనా ఐదు కారణాలంటారు. ఆధారమైన శరీరం, చేసేవాడు, పరికరాలు, రకరకాల ప్రయత్నాలు, ఐదోది దైవం. ప్రయత్నాన్ని ఎవరూ కొట్టేయలేదు, దైవాన్నీ కొట్టేయలేదు. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది. ఆ గాలి ఈ వైపు వీచిందని మీవారికి ఆర్డర్లొచ్చాయి. అంతే కష్టపడే మనిషి వేరే చోట ఖాళీగా కూర్చుని ఉండొచ్చు. ఇది ఆయనకు వ్యాపార భాషలో చెబితే ఎక్కుతుంది, ప్రవచన భాషలో చెబితే ఎక్కదు.

ఆయన విషయంలో మీ ముందున్న దారులు ఇవి. పట్టుబట్టి చిలుకూరు తీసుకెళ్లొచ్చు. వస్తారు, నూట ఎనిమిదీ గడియారం చూసుకుంటూ చేస్తారు, ఇంకెప్పుడూ రానంటారు. మీరొక్కరే వెళ్లి మీవి చేసుకు రావచ్చు. మీ బరువు దిగుతుంది, కానీ ఆయన ముందు అది ఎత్తిపొడుపు కాకుండా చూసుకోవాలి, ఇంటికొచ్చాక రెండు రోజులు ఆ ఊసెత్తకూడదు. మూడోది, ఆయన్ని గుడి గురించి అడగడం మానేసి కూలీ ఖాతా ఒక్కటి అడగడం. మూడోదానితో మొదలుపెడితే మేలనిపిస్తోంది. బట్వాడా ఆగకుండా నాలుగు శనివారాలు గడిస్తే ఆయనే తేలికపడతారు, ఆ తేలికలో చిలుకూరు మాట ఆయన నోటే రావచ్చు. రాకపోవచ్చు కూడా. రాకపోయినా మీ నడక ఆగకూడదు.

పిల్లలకు 2020 సరిగా గుర్తుండదు. చిన్నవాడికైతే అసలు తెలియదు. "మేం ఎన్ని కష్టాలు పడ్డామో" అని మొదలుపెడితే లేచి వెళ్లిపోతారు. అంకెలతో చెప్పండి. ఎంత అప్పు, నెలకు ఎంత వడ్డీ, గాజులకు ఎంత ఇచ్చారు, ఎప్పుడు విడిపించారు.

అందుకే ఆ రసీదు చింపకండి. బీరువాలో చీరల కింద ఉంటే అది దొంగలా కంటబడుతుంది, గుండె గుభేలుమంటుంది. బయటికి తీసి, మడతలు సాపు చేసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి పూజగదిలో పటం వెనక ఉంచండి. వరలక్ష్మీ వ్రతం నాడు కలశం ముందు గాజులు పెడతారు కదా, ఆ గాజుల పక్కన పెట్టండి. ఇదేంటని పాప అడుగుతుంది.